మాట్లాడితే దిగిపోయే బిందె

"పిండి యాడికి పోయిందే?" అంటూ గురప్ప ఖాళీ కుండను పెళ్లాం గంగులమ్మ నెత్తిన పగలగొట్టాడు.

కణత చీరుకుని నెత్తురు చెవి మీదుగా జారింది. పందికొక్కు తినేసిందని ఆమె చెప్పింది. అతను నమ్మలేదు. కింద పడేసి డొక్కలో తన్నాడు. ఇంట్లో మిగిలిన ఆఖరి రాగిపిండి అది.

యుద్ధం రోజులు. ఐరాల వైపు రెండేళ్లుగా సరైన వాన లేదు. ఎద్దులు ఎప్పుడో సంతకు పోయాయి. రేషను గింజలిచ్చే కంట్రోలు అంగట్లో నూకలు కూడా లేవు.

ఇక లంకెబిందెల ఆశ ఒక్కటే మిగిలింది. అవి కొండ మీది పాడుగుళ్లో ఉన్నాయనీ, అమావాస్యకు తొలిచూలు బిడ్డను బలిస్తే పైకొస్తాయనీ మంత్రగాడు ఆదిమూలం చెప్పాడు. గురప్ప మచ్చుకత్తి నూరి చూరులో దోపాడు. గంగులమ్మ కాళ్ల మీద పడింది.

"ఇంకొకదాన్ని కనొచ్చులే," అన్నాడు.

వాకిట్లో కూతురు తిరుమలమ్మ అచ్చనగాయలు ఆడుకుంటోంది.

కుండ పగిలిన సాయంత్రమే సోదెమ్మ వచ్చింది. గురప్ప చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది.

"బిందె గుళ్లో లేదప్పా. ఏటి ఇసకలో ఉండాది. నెత్తురు అడగదు. మిట్టమద్దేనం నువ్వు తవ్వల్ల, నీ పెండ్లాం గంపలు లాగల్ల. గుంత మనిషి పట్టేంతే ఉండల్ల. బిందె చేతికొచ్చేదాకా నోట్లోంచి మాట రాకూడదు. కేకేసినావా, పాతాళానికి దిగిపోతాది సూడు."

"దొరక్కపోతే కత్తి చూర్లోనే ఉండాది," అన్నాడు గురప్ప, పెళ్లాం వైపు చూస్తూ.

మరునాడు ఎండ నడినెత్తికి రాగానే ఏట్లో దిగాడు. నీళ్ల కోసం చెలమ తీసేవాళ్లు వెడల్పుగా, వాలుగా తవ్వుతారు. ఇసుకను నమ్మకూడదని అతనికీ తెలుసు. కానీ సోది మాట దాటలేదు. నిట్టనిలువుగా తవ్వాడు. తలకు గుడ్డ కట్టుకుని గంగులమ్మ గంపలు లాగుతోంది. పెదవి విప్పలేదు. ఈ నోరేదో ముందే కట్టుకోనుంటే ఇన్ని దెబ్బలు తినేది కాదు గదా అనుకున్నాడు.

తల మునిగే లోతుకు దిగాక పార దేనికో తగిలి ఖంగుమంది.

అప్పుడే గుంత గోడ విరిగింది. ఇసుక రొమ్ముదాకా బిగుసుకుంది. కాలు ఎముక పటుక్కుమంది. ఒక్క కేక వేస్తే చాలు, ఒడ్డున కానుగ నీడలో పడుకున్న గొర్రెలకాపరులు పరుగెత్తుకొచ్చేవాళ్లే. నోరు తెరిచాడు. కాలికింద బిందె గుర్తొచ్చింది. పళ్లు బిగబట్టి, తాడు వెయ్యమని సైగ చేశాడు.

గంగులమ్మ తాడు చేతికి చుట్టుకుని అట్లాగే నిలబడింది. బెదిరిపోయింది, మొద్దుది, అనుకున్నాడు.

రెండో గోడ సరిగ్గా అతని మొహం మీద కూలింది.

ఆ ఆఖరి రాగిపిండితో సంగటి కెలికి సోదెమ్మ ముందు పెట్టి, ఆమె తింటున్నంతసేపూ బిందె మాటలన్నీ ఒక్కొక్కటే నేర్పింది గంగులమ్మే.