వెనకాల వస్తున్న పెద్దమనిషి

"గోపురం చూడండి" అన్నాడు గైడు కోసిమో, చర్చి మెట్ల మీద నిలబడి.

"పావురమా?" అంది ముందున్న ముసలావిడ, ఆకాశంలోకి చూస్తూ. ఆవిడ చూసిందని ఆవిడ వెనకున్నవాళ్ళంతా చూశారు. లేని పావురాన్ని కాసేపు అందరూ వెతికారు.

"పావురం కాదమ్మా, గోపురం. గంట గోపురం."

"గట్టిగా చెప్పు నాయనా. నా చెవులు బారీ స్టేషన్లోనే దిగిపోయాయి."

మామూలు రోజైతే ఆ మాటకి కోసిమో నాలుగు మాటలు తగిలించేవాడే. పేరుకు తగ్గట్టు కోసిమో నోరు తెరిస్తే కోతలే. సముద్రపు దొంగలు ఆ ఊళ్ళో దోచిన దానికన్నా వాళ్ళ గురించి ఇతను కోసింది ఎక్కువ. ఫిర్యాదులు పైదాకా వెళ్ళాయి. ఈ రోజు బారీ నుంచి ఒక పరీక్షాధికారి యాత్రికుల్లో కలిసిపోయి వస్తాడని కబురు. ఆయన పెదవి విరిస్తే లైసెన్సు పోయినట్టే. లైసెన్సు పోతే మిగిలేది బావమరిది దుకాణంలో ఆక్టోపస్‌లని మెత్తబడేదాకా బండకేసి బాదే ఉద్యోగం. బాదడం కోసిమోకి కొత్త కాదు గానీ, ఇన్నాళ్ళూ బాదింది మనుషుల్ని, అదీ నోటితో.

అందుకే ఈ పూట నాలుకకి తాళం వేసుకొచ్చాడు. వచ్చేసరికి చర్చి ముందు రెండు గుంపులు కనిపించాయి. ఒకటి పొట్టి నిక్కర్ల గుంపు. అందులో ఒక బట్టతలాయన ఐస్‌క్రీమ్ నాకుతున్నాడు. రెండోది ముదురు కోట్లు, నల్లకళ్ళద్దాలు, మెరిసే బూట్లు. అధికారి ఏ గుంపులో ఉంటాడో అడగాలా? "మీ గైడు వేరే వస్తాడు, ఇక్కడే ఉండండి" అని నిక్కర్లని నిలబెట్టేసి, ఊదారంగు గుడ్డ కట్టిన తన కర్ర పైకెత్తాడు. కోట్లన్నీ తలవంచి కదిలాయి. ఆ తీరంలో కర్ర లేస్తే చాలు, జనం నడుస్తారు. ఏ ఊరేగింపైనా అంతే: జనం ముందు, అసలు దేవుడు చివర.

చేపల బజారు ద్వారం దగ్గర అతను రాళ్ళ వయసు తప్ప మరేమీ చెప్పలేదు. అయినా ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. తన చరిత్రకి ఇన్నేళ్ళలో ఆవలింతలే గానీ కన్నీళ్ళు రాలేదు. కోసిమో ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"ఈ చోటంటే మా అన్నయ్యకి ప్రాణం" అంది ముసలావిడ. పేరు అద్దొలొరాతా అట.

"ఆయన రాలేదా అమ్మా?"

"వెనకాల వస్తున్నాడుగా."

కోసిమో మెడ సాచాడు. పాముమెలికల సందులో గుంపు తోక కనిపించలేదు.

"ఏం చేస్తారాయన?"

"బారీలో గవర్నమెంటు పని. మహా కఠినుడు నాయనా. తప్పు కనిపిస్తే కన్నతండ్రినైనా వదల్లేదు."

కోసిమోకి అర్థమైంది, ఆ అధికారి ఈయనే. తోకలో దాక్కుని తలని పరీక్షిస్తున్నాడన్నమాట! అక్కణ్ణుంచి చరిత్రంతా ముందువాళ్ళ తలల మీదుగా వెనక్కి విసిరాడు. "వెనకున్న పెద్దాయనకి వినపడుతోందా?" అని అరిచాడు. ఎవరో వెక్కారు.

మెట్లు రాగానే, "ఆయన్ని మెల్లగా దించండి, తొందరేం లేదు" అన్నాడు.

అద్దొలొరాతా అతని చెయ్యి నొక్కింది. "నీ మనసు బంగారం."

బావమరిది దుకాణం దగ్గర అందరికీ కాల్చిన ఆక్టోపస్ ముక్కలు ఇప్పించాడు. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని తిన్నారు. పెద్ద ముక్క ఒకటి వెనక్కి పంపబోతే అద్దొలొరాతా ఆపింది.

"ఆయన ముట్టడు."

ముట్టడట. లంచమంటే ముక్క కూడా ముట్టని మనిషి.

చివరికి సముద్రపు గోడ దగ్గర దారి అయిపోయింది. ఇక దాచుకునేందుకు ఏముంది? కోసిమో టోపీ తీశాడు.

"అమ్మా, నా బతుకు మీ అన్నయ్య చేతిలో ఉంది. ఒక్క మంచిమాట చెప్పించండి."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "మా అన్నయ్య చేతిలో ఇంకేముంది నాయనా? కర్ర నీ చేతిలో ఉంది. ఎటు నడవమంటే అటు నడుస్తున్నాం."

జనం రెండు పక్కలకీ జరిగి దారి వదిలారు. కోసిమో టై సర్దుకుని, నవ్వు మొహానికి అతికించుకుని, కరచాలనానికి చెయ్యి చాచాడు.

మలుపు తిరిగి పెద్దమనిషి రానే వచ్చాడు, నలుగురి భుజాల మీద.