తెల్లరాళ్ల పంట

"లే! పైసలు వెట్టి టికెట్ కొన్న, నేను నిలబడాల్నా? మేం ట్యాక్సులు కడ్తుంటే మీ ఆడోళ్లు ఫుకట్ల తిరుగుతున్నరు."

మంచాల నుంచి ఇబ్రహీంపట్నం పోతున్న బస్సులో రత్నాకర్ అరుపుకు, కూలికి బయల్దేరిన మైసమ్మ కదల్లేదు.

"సర్కారు ఎక్కమన్నది, ఎక్కిన."

"సర్కారుకు యాడికెల్లి వచ్చినయ్? నా జేబులకెల్లి!"

కిటికీ పక్కన ప్లాట్ల వెంచర్ వచ్చింది. ఎకరాలకొద్దీ తెల్లటి హద్దురాళ్లు.

"గది నీ భూమే గద, పటేలా?"

"అవ్. అయితేంది?"

"పంట పెట్టుబడికని సర్కారు రైతుభరోసా దానికి పడ్డదంట. గిప్పుడే ఫోన్ల చెప్తివి. గా రాళ్లకు సున్నం కొట్టింది నేనే. ఎన్ని మొలిచినయో చెప్పు, లేస్త."

తర్వాతి స్టాపులో పక్క సీటు ఖాళీ అయింది. రత్నాకర్ కూర్చోలేదు.