మెట్టు మీద మనిషి

టీవీ మళ్ళీ ఆరిపోయింది.

ముచ్చటగా మూడోసారి. వెలగడం, నిమిషం తిరక్కుండా ఇన్వర్టరు కుయ్యిమని మొత్తుకోవడం, తెర నల్లబడడం.

ఇంకో అరగంటలో షటిల్ ఫైనల్. ఆడబోయేది లెక్కల మాస్టారి ఒక్కగానొక్క కూతురు.

"మీరు ఎదురుగా కూర్చుంటే నా చెయ్యి ఆడదు నాన్నా. టీవీలో చూడండి" అని ఆ పిల్ల ముందే ఒట్టు వేయించుకుంది. అందుకే మాస్టారూ ఆయన భార్యా ఊరి చివర మైదానంలో, అద్దెకు తెచ్చుకున్న క్యాంపర్ వ్యానులో, ఆ చక్రాల ఇంట్లో, మకాం పెట్టారు. అక్కడ కరెంటు లేదు. ఫోనుకు సిగ్నలు లేదు. ఉన్నదల్లా సీటు కింద ఒక బ్యాటరీ, దాని మీద నడిచే ఇన్వర్టరు, కప్పు మీది డిష్షుతో వచ్చే ఆ టీవీ.

"బ్యాటరీ అయిపోయిందేమోనండీ" అంది భార్య.

"మీటరు పెట్టి చూశానుగా! పన్నెండు వోల్టులుంది. పన్నెండంటే పన్నెండే. పాడయింది టీవీయే" అంటూ మాస్టారు దాని వీపు మీద రెండు వేశారు.

"వాయించడానికి అదేమన్నా మీ క్లాసులో పిల్లాడా?"

ఇంతలో తలుపు దగ్గర ఎవరో దగ్గారు. పక్క వ్యానులో మనిషి. మాసిన చొక్కా, చేతుల నిండా గ్రీజు.

"ఇన్వర్టరు మొత్తుకుంటుంటే వినబడింది సార్. నన్ను చూడమంటారా?"

పిలవని పేరంటం అనుకున్నారు మాస్టారు. కానీ అవసరం తనది.

"చూడు. ఉన్నవి ఊడబీక్కు."

ఆ మనిషి నొచ్చుకోలేదు. సీటు ఎత్తి, మీటరు తీగలు బ్యాటరీకి ఆనించి, "ఇప్పుడు టీవీ వేయండి సార్" అన్నాడు.

టీవీ వెలిగింది. మీటరులో పన్నెండు కాస్తా పదకొండయింది. పదిన్నరకు దిగింది. కుయ్యిమంది. ఆరిపోయింది.

"ఊరికే ఉన్నప్పుడు పన్నెండు చూపిస్తుంది సార్. పని చెప్పగానే జారిపోతుంది. మీ టీవీ నిక్షేపంలా ఉంది. బ్యాటరీయే ముసలిదైపోయింది."

భార్య ముసిముసిగా నవ్వింది. మాస్టారికి ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన తనకు పదికీ పన్నెండుకీ తేడా ఇతగాడు చెప్పాలా!

"ఇప్పటికిప్పుడు కొత్తది ఎక్కణ్ణించి తేనయ్యా? అవతల మా అమ్మాయి ఫైనల్ ఆడుతోంది!"

అతను తలెత్తాడు. "ఇవాళ షటిల్ ఫైనలా సార్?"

"మరింకేం ఉంది ఇవాళ?"

అతను మీటరు తీగలు చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత "ఉండండి" అని వెళ్ళి, తన వ్యానులోంచి ఒక బ్యాటరీని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పొట్టకు ఆనించుకుని, ఆయాసపడుతూ తెచ్చాడు. పాతది విప్పి దాన్ని బిగించాడు.

"రెండుంటాయా మీ బండిలో?" అని అడిగారు మాస్టారు.

"బండికి వేరేది ఉంది సార్. ఇది టీవీది, మాకిప్పుడు పనిలేదు లెండి."

టీవీ వెలిగింది. ఈసారి ఆరలేదు. తెర మీద కూతురు కోర్టులోకి నడిచి వస్తోంది.

"ఆయన్ని కూడా లోపలికి రమ్మనండీ, పాపం" అని భార్య గొణిగింది.

"ఆ గ్రీజు చేతులతోనా? సీట్లు పాడైపోవూ?" అని గుసగుసగా అని, మాస్టారు బయటికి మాత్రం, "తెర మీద ఎండ పడుతోందయ్యా" అంటూ తలుపు మూసేశారు.

అతను మెట్టు మీదే కూర్చుండిపోయాడు.

మొదటి గేము మాస్టారి అమ్మాయిది. రెండోది ఎదుటి పిల్లది. మూడో గేములో మాస్టారికి పూనకం వచ్చింది. ఎదుటి పిల్ల తప్పు కొట్టినప్పుడల్లా చప్పట్లు, ఈలలు.

"అయిపోయింది దీని పని! అవి కాళ్ళా, కర్రలా? ఎవడు నేర్పాడే దీనికి ఆట!"

"మెల్లిగా అండీ. బయటికి వినబడుతుంది."

"వినబడనీ! ఎవరికి నొప్పి?"

ఆఖరి షటిల్ వలకు తగిలి ఎదుటి పిల్ల వైపే పడింది. ఆ పిల్ల నేల మీద కూలబడి ముఖం దాచుకుంది. మాస్టారు వ్యాను ఊగేలా గంతులేశారు. భార్యాభర్తలిద్దరూ కళ్ళు తుడుచుకున్నారు.

కాస్త తేరుకున్నాక భార్య అంది. "ఆ మనిషికి కనీసం మంచినీళ్ళయినా ఇచ్చామా?"

మాస్టారి నవ్వు ఆగిపోయింది. గబగబా టీ పోసుకుని తలుపు తీశారు. మెట్టు మీద ఎవరూ లేరు. పక్కన వ్యానూ లేదు.

బ్యాటరీ మాత్రం తమ సీటు కిందే ఉంది.

"అదేమిటండీ, దాన్ని కూడా తీసుకెళ్ళలేదు!"

మాస్టారు టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఊడబీక్కు అన్న తన మాట తనకే రోతగా తోచింది. తలుపు మూయడానికి చెప్పిన ఎండ సాకు అంతకన్నా రోతగా తోచింది. ఎదిగిన మనిషి చేసే పనేనా అది? టీ గ్లాసును ఆ ఖాళీ మెట్టు మీదే పెట్టి లోపలికి వచ్చారు.

సాయంత్రం కూతురు కప్పుతో వచ్చింది. వస్తూనే తండ్రిని వాటేసుకుంది.

"ఆటంతా చూశారటగా నాన్నా! ఒక్క పాయింటూ వదల్లేదటగా!"

"నీకెవరు చెప్పారు?"

"స్టేడియం గేటు దగ్గర ఒకాయన. చేతులకు గ్రీజుందని దూరంగానే నిలబడి, 'మీ నాన్న ఎంత మురిసిపోయారో తల్లీ' అన్నారు."

మాస్టారు కూతురి రెండు చేతులూ పట్టుకున్నారు. "ఆయన్ని నేను లోపలికి కూడా పిలవలేదమ్మా. తప్పు చేశాను. ఇప్పుడెక్కడున్నాడు? వెళ్ళి క్షమాపణ అడుగుతాను."

"వెళ్ళిపోయారు నాన్నా. వాళ్ళమ్మాయి ఏడుపు ఆపడం లేదు."

"వాళ్ళమ్మాయా?"

"అవును నాన్నా, ఇవాళ నా చేతిలో ఓడిపోయింది ఆయన కూతురే."