తలపట్టీ

"ఈ మిషన్ అబద్ధం సెప్తాంది," అన్నాడు బజారి.

అరుగు మీద కూర్చున్న ఈరేష్ నవ్వాడు. సగం ఊరు అతని ఇంటి ముందే ఉంది. నార్వే నుంచి వచ్చిన డాక్టరు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకున్నాడు. పక్కన ఉష నిలబడింది. ఎమ్మిగనూరులో మగ్గం నేసే వాళ్ల అమ్మాయి. నార్వే విశ్వవిద్యాలయం, ఇక్కడి విశ్వవిద్యాలయం కలిసి చేస్తున్న పరిశోధనలో ఆమె డాక్టరేటు చదువుతోంది. డాక్టరు మాట ఊరికి, ఊరి మాట డాక్టరుకు చేర్చేది కూడా ఆమే.

తలకు తగిలే దెబ్బలు మెదడును ఏం చేస్తాయో తెలుసుకోవాలన్నది వాళ్ల పరిశోధన. అందుకు దేవరగట్టు కింది ఊళ్లను ఎంచుకున్నారు. దసరా రాత్రి అక్కడి బన్నీ ఉత్సవంలో మగవాళ్లు కర్రలతో తలపడతారు. పగిలిన తలకు బండారు పసుపు అద్దుకుని మళ్లీ గుంపులోకి పోతారు. అలా పోయే వాళ్లకు వినాయక చవితికే తలా ఒక నల్ల పట్టీ ఇచ్చారు. తలకు చుట్టుకోవాలి. నిద్రలో కూడా తియ్యకూడదు. తలకు దెబ్బ తగిలితే ఆ సంగతి ఆదోనిలో వాళ్లు పెట్టుకున్న కంప్యూటరుకు చేరుతుంది.

దీపావళి వెళ్లాక లెక్క చెప్పడానికి వచ్చారు. అందరికంటే ఎక్కువ దెబ్బలు ఈరేష్ పట్టీవి.

"నా తల సూడు," అని బజారి తలగుడ్డ విప్పాడు. కుట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. "దెబ్బంటే ఇది. వీని తల గుమ్మడికాయ మాదిరి నున్నగుండాది. బన్నీ రాత్రి వీడు అందరికీ ఎనక నిలబడి ఈలలేసినాడు."

"కడుపుమంటప్పా నీకు. నా తల గట్టిది."

ఈరేష్ లోపలికి తిరిగి అరిచాడు. "టీ ఏమైందే? దొర వచ్చి ఎంతసేపాయె."

అతని భార్య మహాదేవమ్మ కొంగు నుదుటి దాకా లాక్కుని, పళ్లెంతో వచ్చింది. గడప దగ్గర ఒక చేత్తో గోడ పట్టుకుంది. డాక్టరు ఒక గుక్క తాగి ఉష వైపు చూశాడు. టీలో చక్కెర లేదు.

"మళ్లా మరిసినావా? తల ఉండాదా లేదా నీకు?" అన్నాడు ఈరేష్.

కొందరు నవ్వారు. ఆమె పళ్లెం పట్టుకుని గడప పక్కనే నిలబడింది.

డాక్టరు చాలాసేపు ఏదో చెప్పాడు. ఉష ముఖంలో రంగు మారింది.

"ఈరేష్ అన్నా, సార్ భయపడతాండాడు. ఇన్ని దెబ్బలు తిన్న మెదడు మెత్తబడిపోతాదంట. ఇంకొకటి గట్టిగా తగిలితే మనిషి దక్కదంట. ఈ పట్టీ కట్టుకున్న మనిషిని వాళ్ల దేశం పిల్చుకపోయి, వాళ్ల విశ్వవిద్యాలయం ఆస్పత్రిలో వైద్యం సేపిస్తారంట."

"ఇమానంలోనా?"

"ఇమానంలోనే. నీకు కండ్లు తిరుగుతాండాయా? మతిమరుపు?"

"అన్నీ ఉండాయి," అన్నాడు ఈరేష్, మీసం దువ్వుకుంటూ.

బజారి పక్కకు తిరిగి ఉమ్మేశాడు. ఊరికి కూడా కోపం వచ్చింది. అబద్ధం మీద కాదు. విమానం మీద.

"ఇంకొకటి సెప్పన్నా," అంది ఉష. "బన్నీ రాత్రి నీ పట్టీకి ఒక్క దెబ్బ కూడా పడలేదు. అన్నీ మామూలు రోజులవే. పొద్దున కొన్ని, పొద్దుగూకినాక కొన్ని. యాడ తగిలినాయి?"

గుంపు గొల్లుమంది. "గోడకేసి కొట్టుకున్యాడమ్మా," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఈరేష్ ముఖం మాడింది. "సాధన. ఇంట్లో కర్రసాము సాధన సేస్తా. ఈ నాయాండ్లకేం తెలుసు? మా ఇంటామెను అడుగు."

"ఆట కాదన్నా ఇది," అంది ఉష కోపంగా. "ఊరి ముందర పేరు కోసరం నువ్వే తల కొట్టుకోనింటే, రెండు దేశాలోళ్ల కష్టం మట్టిలో కలిసినట్లే. నా సదువూ కలిసినట్లే. అక్కా, నువ్వు సెప్పు. ఇంట్లో సేస్తాడా?"

మహాదేవమ్మ నేల వైపు చూసింది.

"సేస్తాడు," అంది. "రోజూ."

"ఇన్యారా?" అన్నాడు ఈరేష్ గుంపుతో.

డాక్టరు చెయ్యి చాచి ఏదో అడిగాడు. "పట్టీ పరీక్ష సేయాలంట," అంది ఉష. "నీ తలకు లేదే. యాడ పెట్టినావు?"

"నీళ్లు పోసుకునేదానికి ఇప్పుడే తీసినా. ఏయ్, గూట్లో ఉంటాది సూడు. ఆ పట్టీ తే."

మహాదేవమ్మ లోపలికి పోలేదు.

పళ్లెం అరుగు మీద పెట్టి, కొంగు వెనక్కి తోసి, తన తలకున్న నల్ల పట్టీని విప్పి డాక్టరు చేతిలో పెట్టింది.