వంకలమ్మ

సబ్బు రాసుకుంటే ఒళ్ళు మండుతోందని ఒక పెద్దావిడ గుమ్మం ముందు నిలబడింది.

వంటింట్లో పెదవులకు రాసుకునే లేపనం కోసం మైనం కరుగుతోంది. దాన్ని వదిలి రావాల్సి వచ్చినందుకు వదినకు విసుగేసింది.

కంపెనీ మూతపడి ఉద్యోగం పోయాక ఆమె ఇంట్లోనే సబ్బులు, లేపనాలు చేయడం మొదలుపెట్టింది. ఆడపడుచు వాటిని పెట్టెల్లో సర్ది, ఎండుపూలు పెట్టి, రిబ్బను కట్టి కానుకలుగా తయారుచేసేది. మూడేళ్ళయింది. ఇంటికి ఎవరైనా వస్తే కూర్చోమనడానికి కుర్చీ ఖాళీ ఉండదు. అన్నిటి మీదా సబ్బులు ఆరుతుంటాయి.

పెద్దావిడ ముంజేతి మీద ఎర్రటి మచ్చ చూపించింది.

"ఇది ఎన్నాళ్ళు ఆరబెట్టావమ్మా?"

వదిన గతుక్కుమంది. ఆరు వారాలు ఆరాలి. పెళ్ళి ఆర్డరు తొందరలో మూడు వారాలకే పెట్టెల్లోకి ఎక్కించేసింది. ఆ మాట ఒప్పుకోలేక, కొందరి ఒంటికి పడదని ఏదో సర్దిచెప్పింది.

పెద్దావిడ వాదించలేదు. బాగా ఆరినవి పది ఏరించుకుని తీసుకెళ్ళింది.

మండిందని వచ్చిన మనిషి మళ్ళీ పది కొనుక్కుపోవడమేమిటో ఆడపడుచుకు అర్థం కాలేదు.

నెల తిరక్కుండా ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి వాసన ఎక్కువైందట. ఆ పై నెల, మీద అద్దిన పూరేకులు ఒంటికి గీసుకుంటున్నాయట.

పూలు చూసే కదా జనం కొనేది అంది వదిన.

"ఒంటికి కళ్ళుంటాయా అమ్మా?" అందావిడ.

ఇంకోసారి అంచులు మొనదేలి ఉన్నాయంది. గుండ్రంగా చేయమంది.

అప్పుడే ఆడపడుచు ఆవిడకి వంకలమ్మ అని పేరు పెట్టింది. గేటు చప్పుడైతే చాలు, "వదినా, మీ వంకలమ్మ వేంచేసింది" అని లోపలికి తప్పుకునేది.

వదిన సణుగుతూనే, అడిగినట్టు చేసింది. రంగు లేదు. వాసన లేదు. పువ్వు లేదు. ఒక్కో సబ్బు అంచులూ చాకుతో గీకి, తడిగుడ్డతో నున్నగా రుద్దాలి. అదంతా అదనపు చాకిరీ. తీరా చూస్తే అవి జ్వరం పడి లేచినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయని ఆడపడుచు నవ్వింది.

అంతలో ఒక ఆఫీసువాళ్ళు నాలుగు రోజుల్లో రెండు వందల కానుక పెట్టెలు కావాలన్నారు.

మూడో రోజుకి వదిన చేతులు పగిలిపోయాయి. నడుము నిలబడనివ్వడం లేదు, కూర్చోనివ్వడం లేదు. మిట్టమధ్యాహ్నం గేటు చప్పుడైంది.

తడిచేతికి పట్టు చిక్కడం లేదట. కాస్త చిన్నవి చేయగలవా అని అడిగింది వంకలమ్మ.

"మీకు నచ్చే సబ్బు చేయడం నా వల్ల కాదండీ. ఇంకెక్కడైనా చూసుకోండి."

వదిన గొంతు పెంచలేదు. పెంచే ఓపిక కూడా లేదు.

పెద్దావిడ కొంచెంసేపు ఆమె చేతులకేసి చూసింది.

"బాగా అలిసిపోయావు తల్లీ. కాసేపు నడుం వాల్చు" అని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు.

పూల సబ్బులు చాలక, ఆఖరి ముప్పై పెట్టెల్లో ఆ పాలిపోయిన సబ్బులే సర్దారు. ఎవరు తిట్టిపోస్తారోనని వదినకు రెండు రోజులు అన్నం సహించలేదు.

ఎవరూ తిట్టలేదు. ఆ సబ్బే మళ్ళీ కావాలని అడిగారు. పసిపిల్లల తల్లులు అడిగారు, ఒంటి మీద దురదలున్నవాళ్ళు అడిగారు. మూడు నెలలు తిరిగేసరికి ఇంట్లో పూల సబ్బులు సగానికి సగం తగ్గాయి.

జనం మెచ్చుకుంటున్నదంతా ఆవిడ పెట్టిన వంకలేనని వదినకు తెలుస్తూనే ఉంది. ఒక మాట చెప్పాలనుకుంది. ఎక్కడని వెతుకుతుంది? ఇల్లెక్కడో ఏనాడూ అడగలేదు. చిన్న అచ్చు చేయించి, ఒక పళ్ళెం నిండా సబ్బులు పోసి, ఆరు వారాలూ నిండనిచ్చి అట్టేపెట్టింది.

ఒకరోజు నీలంరంగు యూనిఫాంలో ఉన్న అమ్మాయి వచ్చింది. పువ్వుల్లేని సబ్బులు చేసేది ఇక్కడేనా అని అడిగింది. వాళ్ళ పెద్దమ్మ ఇక్కడే కొనేదట.

"ఆవిడ రాలేదేం?" అంది వదిన.

"పోయిన నెల పోయిందండీ. నాలుగు రోజుల జ్వరం, అంతే."

ఆడపడుచు కడుతున్న రిబ్బను వదిలేసింది.

వదిన లోపలికి వెళ్ళి, పళ్ళెం తెచ్చి అమ్మాయి ముందు పెట్టింది. ఆ చిన్న సబ్బుల్ని పొట్లం కడుతూ, ఆవిడ సొంత పెద్దమ్మేనా అని అడిగింది.

కాదంది అమ్మాయి. మంచాన పడ్డవాళ్ళని చూసుకునే చోట తను ఆయానని, అక్కడ అందరూ ఆవిడని అలాగే పిలిచేవాళ్ళని చెప్పింది.

"పంతొమ్మిది మంది ఉన్నారండీ మా దగ్గర. చాలామందికి మాట పడిపోయింది, మండినా గీసుకున్నా చెప్పలేరు" అంటూ పొట్లం అందుకుంది. "జీతం లేకుండా పదకొండేళ్ళు వాళ్ళందరికీ రోజూ స్నానం చేయించింది ఆవిడేనండీ."