దుమ్ము షెడ్డులో దగ్గు

ఉక్కు కొలిమి కక్కే విషపు దుమ్ములోంచి జింకు తీసే షెడ్డు అది. ఆ దుమ్మును తడిపి ఉండలు చుట్టే యంత్రం దగ్గర ఆమెది రాత్రి పని. భర్తా అక్కడే పనిచేసి, దగ్గీ దగ్గీ పోయిన ఏడాది కన్నుమూశాడు.

యంత్రం ఆపి, ఉక్కకు తాళలేక ఆమె మాస్కు కిందికి లాగింది. వెనక ఎవరో పొడిగా దగ్గారు.

"ఎవరది?"

తిరిగి చూస్తే, నేలమీది దుమ్ములో తన అడుగులు తప్ప మరేవీ లేవు. గబుక్కున మళ్లీ గోడవైపు తిరిగి నిలబడిపోయింది. అంతలో చల్లటి వేళ్లు మాస్కును పైకి లాగి, చెవి వెనక పట్టీ సర్దాయి.

"ఎన్నిసార్లు చెప్పానే మొద్దూ, ఇది తీయొద్దని?"

ఈసారి ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే వెళ్లిపోతాడేమోనని భయం.

"ఇంకోసారి తిట్టవా," అంది.

వేళ్లు ఇంకా చెవి దగ్గరే ఉన్నాయి.