ఒంటిగిన్నె మామ్మ

పెరట్లో కుళాయికి తాళం వేసి, కండక్టరు భార్య కిటికీ చాటున కాపు కాసింది.

వెనక గదిలో ఉండే మామ్మ బకెట్టుతో వచ్చింది. తాళం చూసింది. బకెట్టుతో వెనక్కి వెళ్లింది.

అంతే.

ఆమెకు రోజుకు ఒక్క బకెట్టు చాలని, దాన్ని వీధి పంపు దగ్గర పట్టి తెచ్చుకుందని సాయంత్రానికి తెలిసింది. కూరగాయలు కడిగిన నీళ్లతో గిన్నె, గిన్నె కడిగిన నీళ్లతో గుమ్మం కడుగుతుందట.

ఉన్నదే ఒక్క గిన్నె. అందులోనే వండుకుని, అందులోనే తినేది. అందుకే ఒంటిగిన్నె మామ్మ అయింది. ఆ పేరు పెట్టింది కూడా కండక్టరు భార్యే.

అసలు గొడవ గిన్నెతో కాదు, గదితో.

కండక్టరు వాటాలో రెండు గదులకు అయిదుగురు మనుషులు. పెద్దపిల్ల ఈ ఏడు నర్సింగు ప్రవేశ పరీక్ష రాయాలి. వంటింట్లో డబ్బా మీద కూర్చుని చదువుతుంది. తాతయ్య దగ్గితే ఒక పేజీ, టీవీ మోగితే ఇంకో పేజీ పోతుంది. పెరటివైపు మాత్రం వేరే తలుపు, వేరే కిటికీ ఉన్న గదిలో ఒక ముసలామె, ఒక గిన్నె.

ఇంటాయనను ఎవరూ చూడలేదు. ఏదో ఊళ్లో ఉంటాడు. అద్దెకు గుమాస్తా వస్తాడు. తొమ్మిదేళ్లుగా అద్దె పెరగలేదు. ఎందుకు పెరగలేదని నాలుగు వాటాల్లో ఎవరూ అడగలేదు, అడిగితే గుర్తొచ్చి పెంచుతారేమోనని.

వెనక గది తమకు ఇప్పించమని కండక్టరు భార్య అడిగితే గుమాస్తా నీళ్లు నమిలాడు. ఆవిడను పొమ్మనడానికి తమకు వీల్లేదన్నాడు. తనంత తాను పోతే మాత్రం అయ్యగారు చాలా సంతోషిస్తారన్నాడు.

"ప్రయత్నించండమ్మా," అని కూడా అన్నాడు.

కుళాయి అయ్యాక కరెంటు. మేడ మీది ఎలక్ట్రీషియన్ ఓ తీగ ఊడదీశాడు. మామ్మ పొద్దుగూకగానే పడుకుని, కోడి కంటే ముందు లేచింది. బల్బు చుట్టూ మూగే పురుగుల బాధ వదిలిందని పక్క వాటా టీచరమ్మతో అందట.

బట్టలారేసుకునే తాడు తెంపేశారు. ఉన్నవి రెండు చీరలు. కిటికీ చువ్వలకు ఆరేసుకుంది.

చివరికి చెత్తబుట్ట తెచ్చి ఆమె గుమ్మం ముందు బోర్లించారు. మామ్మ ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, చెత్తంతా తీరుబడిగా ఏరింది. చిరిగిన చొక్కా గుండీలు ఊడదీసుకుంది. తొక్కలు మొక్కలకు వేసింది. కండక్టరు పెద్దపిల్ల పారేసిన, జిప్పు పోయిన పుస్తకాల సంచీకి కొత్త జిప్పు కుట్టి, తెచ్చి కండక్టరు వాటా గొళ్లానికి తగిలించింది.

ఆ సంచీ చూసి కండక్టరు భార్యకు ఒళ్లు మండిపోయింది. తీసుకెళ్లి మళ్లీ చెత్తలో పారేసింది.

ఏ లోటూ తెలియని మనిషిని ఏ లోటు చేసి సాగనంపాలి?

ఇక సూటిగా అడగడమొక్కటే మిగిలింది. ముగ్గురు ఇరుగుపొరుగుల చేత సరేననిపించుకుని, తనే వెళ్లింది.

మామ్మ మధ్యలో పలచబడిన దుప్పటిని రెండుగా చీల్చి, గట్టిగా ఉన్న అంచుల్ని మధ్యకు తెచ్చి కుడుతోంది. వంగిన వీపుకు గోడ దన్ను. ముఖంలో మహారాణి తీరిక.

"మామ్మగారూ, ఉన్నమాట చెప్పేస్తున్నా. మీరిక్కడ ఉండటం మాకెవరికీ ఇష్టం లేదు."

సూది ఆగింది.

"ఎవరికీనా?"

"నాలుగు వాటాల వాళ్లకీనూ."

"నా వల్ల ఇబ్బందేమిటమ్మా?"

"మీరు పోతే మా పిల్ల చదువుకోడానికి చోటొస్తుంది. మీకేముంది, ఒక్క గిన్నె. అది పట్టే చోటు ఎక్కడైనా దొరుకుతుంది."

మామ్మ ఆమె ముఖంలోకి చూసింది. కోపం లేదు. లెక్క తప్పిన పిల్లను చూసినట్టు చూసింది.

"బాగా ఆలోచించుకునే అంటున్నావా, అమ్మాయ్?"

"ఇందులో ఆలోచించడానికేముంది?"

"సరే. నా అవసరం మీకుందనుకున్నాను. పొరపాటు నాదే."

ఆ మాట కండక్టరు భార్య మేడ మీద చెబితే అందరూ విరగబడి నవ్వారు. ఏం అవసరం, చెత్త ఏరడానికా అన్నాడు ఎలక్ట్రీషియన్.

మర్నాడు పొద్దున్నే మామ్మ ఒక సంచీతో వెళ్లిపోయింది. వెళ్తూ గది ఊడ్చి వెళ్లింది.

అయినా కండక్టరు భార్య ఆరు బకెట్లు పోసి కడిగింది. గది తాళం అడిగీ అడగకముందే గుమాస్తా పంపేశాడు. బల్ల వేశారు. పిల్ల తలుపేసుకుని, మొదటిసారిగా ఒక పాఠం మొదలు నుంచి చివరిదాకా చదివింది. తలుపు ఇవతల తల్లి చప్పుడు కాకుండా కళ్లొత్తుకుంది.

పదకొండో రోజున గుమాస్తా నాలుగు కవర్లతో వచ్చాడు. ఇల్లు అమ్మేశారట. పడగొట్టి కాంప్లెక్సు కడతారట. రెండు నెలల్లో అందరూ ఖాళీ చెయ్యాలట.

కండక్టరు భార్య గుమ్మం పట్టుకుని నిలబడింది. పరీక్షకు ఇంకా మూడు నెలలుంది. ఇంత అద్దెలో ఊళ్లో మరో వాటా దొరకదు. ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకని అడిగింది.

గుమాస్తా నిజంగానే చేతులు జోడించాడు.

"అంతా మీ చలవేనమ్మా. కొత్త ఫ్లాటు రాసిస్తాం, పనిమనిషిని పెడతాం అని అయ్యగారు పదేళ్లు బతిమాలారు. నాలుగు కుటుంబాలు వీధిన పడతాయని ఆవిడ ససేమిరా అన్నారు. మొన్న తనే వచ్చి, వాళ్లకే నేను అక్కర్లేదట అని, గది వదులుకున్నట్టు సంతకం పెట్టేశారు."

"ఎవరావిడ?"

"అయ్యగారి సొంత అక్కగారమ్మా," అన్నాడు గుమాస్తా, "ఆవిడ ఆ గదిలో కాపురమున్నంతకాలం ఈ ఇల్లు అమ్మకూడదని వాళ్ల నాన్నగారు వీలునామా రాసి పోయారు."